దొంగిలించిన చేయి, కొన్న చేయి

వరికోతల కాలంలో మా చందూర్ నుంచి వర్ని, రుద్రూర్, బోధన్ వైపు వెళ్ళే దారుల వెంట రాత్రిపూట ఎన్నో బండ్లు ఆగి ఉంటాయి. కోత మిషన్లు, ట్రాక్టర్లు, ట్రాలీలు, ధాన్యం లారీలు, ఇళ్ళముందు ఆటోలు. అలసిపోయిన మనిషి నిద్రలో ఉండగా బండికి కాపలా ఎవరూ ఉండరు. తెల్లవారి ఫజ్ర్ నమాజు ముగించుకొని ఆటో తీయబోయిన వ్యక్తికి తాళం తిప్పితే చప్పుడు రాదు. వంగి చూస్తే బ్యాటరీ ఉండవలసిన చోట కోసేసిన రెండు వైర్లు వేలాడుతుంటాయి. ఒకచోట స్టెప్నీ పోతుంది, మరోచోట డీజిల్ పోతుంది, ఇంకోచోట సెల్ఫ్ మోటరు పోతుంది. బండి పోలేదు కదా అని ఇరుగుపొరుగు ఓదారుస్తారు. అయితే బ్యాటరీ లేని ఆటోకూ, లేని ఆటోకూ ఆ పూట తేడా ఏమీ లేదు.

ఈ నష్టాన్ని లెక్కగట్టడంలోనే చాలామంది పొరబడుతున్నారని మా అభిప్రాయం. దొంగకు దక్కేది కబాడీ దుకాణంలో తూకం మీద వచ్చే కొద్దిపాటి డబ్బు. బాధితుడు పోగొట్టుకునేది కొత్త బ్యాటరీకి అయ్యే నాలుగైదు వేలు మాత్రమే కాదు. అప్పు దొరికే వరకు బండి కదలని రోజుల సంపాదన, ఆగని ఫైనాన్సు కిస్తీ, ఆ వారం బడికి పంపని పిల్లల ఫీజు, వీటన్నిటినీ అందులో కలపాలి. దొంగకు వంద రూపాయల లాభం కోసం బాధితుడికి వెయ్యి రూపాయల నష్టం జరిగే నేరమిది. బంగారం దొంగతనంలో ఈ నిష్పత్తి ఉండదు. నగ ఎవరి చేతిలో ఉన్నా దాని విలువ ఇంచుమించు అంతే. బండి నుంచి ఊడదీసిన భాగం మాత్రం బండికి ప్రాణం, దొంగకు పాత ఇనుము.

కాబట్టి శిక్షలు పెంచాలన్న కోరిక ప్రజల్లో బలపడటం సహజమే. ఆ కోరిక కొంతవరకు నెరవేరింది కూడా. 2024 జూలై 1 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, 1860 నాటి శిక్షాస్మృతి స్థానాన్ని ఆక్రమించింది. పాత చట్టంలో ఇలాంటి దొంగతనానికి 379వ సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు ఉండేది. ఆటో బ్యాటరీ అయినా, సంతలో గొడుగు అయినా ఒకటే సెక్షను. కొత్త సంహితలో సాధారణ దొంగతనం 303వ సెక్షనులోకి వచ్చింది. గరిష్ఠ శిక్ష మూడేళ్ళే అయినా, రెండోసారి నేరం రుజువైతే ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ళ వరకు కఠిన కారాగారం విధించవచ్చు. 305వ సెక్షను మనకు మరింత ముఖ్యమైనది. సరుకులను గానీ ప్రయాణికులను గానీ చేరవేసే వాహనాన్ని దొంగిలించినా, అటువంటి వాహనం నుంచి ఏ వస్తువును దొంగిలించినా ఏడేళ్ళ వరకు జైలు, జరిమానా. ఇల్లు దోచిన నేరంతో సమానంగా దీన్ని లెక్కించారు.

ఇంకొక సెక్షను కూడా ఉంది. దాని గురించి మన ఇళ్ళలో బొత్తిగా తెలియదు. 112వ సెక్షను చిన్నతరహా వ్యవస్థీకృత నేరం గురించి చెబుతుంది. ముఠాలో లేదా గుంపులో సభ్యుడై దొంగతనం చేసినవాడికి ఏడాదికి తగ్గని, ఏడేళ్ళకు మించని జైలు, జరిమానా విధించాలంటుంది. దొంగతనం అంటే ఏమేమిటో వివరిస్తూ వాహనం నుంచి దొంగతనాన్ని పేరుపెట్టి చేర్చారు. గుంపు అంటే ఎందరు, ముఠా అంటే ఏమిటి అన్నది ఆ సెక్షను విప్పి చెప్పలేదు. ఒకే గల్లీకి చెందిన ముగ్గురు కుర్రాళ్ళు సరదాగా మొదలుపెట్టి ఒక రాత్రి రెండు బ్యాటరీలు ఊడదీశారనుకోండి. ఒక్కడే చేస్తే ఒక లెక్క, ముగ్గురూ కలిస్తే మరో లెక్క. స్నేహితుడి వెంట ఊరకే నిలబడ్డానని చెప్పుకొనే కుర్రాడు కూడా ఈ సెక్షను అంచున నిలబడినట్లే. తల్లిదండ్రులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

మరోవైపు అదే చట్టం మెత్తబడిన చోటు కూడా ఒకటుంది. దొంగిలించిన వస్తువు విలువ ఐదు వేల రూపాయల లోపు ఉండి, నేరస్థుడికి అది మొదటి శిక్ష అయి, వస్తువును గానీ దాని విలువను గానీ తిరిగి ఇచ్చినట్లయితే జైలుకు బదులు సమాజసేవ శిక్షగా విధిస్తారు. వేతనం లేకుండా ప్రజలకు మేలు చేసే పని చేయాలన్నమాట. మంచి ఏర్పాటే. పద్దెనిమిదేళ్ళు దాటీ దాటని వాణ్ణి కరుడుగట్టిన నేరగాళ్ళతో ఒకే గదిలో ఉంచడం కంటే ఆసుపత్రి ఆవరణ ఊడిపించడం వెయ్యిరెట్లు నయం. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఐదు వేల లోపు విలువగల ఇటువంటి దొంగతనాన్ని మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయరాని నేరాల్లో చేర్చారు. కనుక ఫిర్యాదు రాసేటప్పుడు మాటలు సరిగ్గా ఉండాలి. ‘బ్యాటరీ పోయింది’ అని రాస్తే సరిపోదు. ప్రయాణికులను చేరవేసే ఆటో నుంచి, లేదా సరుకు లారీ నుంచి ఊడదీసి దొంగిలించారని, బండి నంబరుతో, బిల్లుతో రాయాలి. అప్పుడు విషయం 305వ సెక్షను దృష్టికి వస్తుంది. కొత్త విధానంలో ఫిర్యాదును ఎలక్ట్రానిక్ మార్గంలో పంపి మూడు రోజుల్లో వెళ్ళి సంతకం చేసే వీలు కూడా ఉంది. రోజుకూలీ వదులుకొని ఠాణా చుట్టూ తిరగలేనివారికి ఇది కొంత ఊరట.

ఇంటి ముందు నిలిపిన సొంత మోటారు సైకిలుకు ఒక నియమం, బతుకుతెరువు బండికి మరో నియమం ఏమిటని కొందరు అడగవచ్చు. ఈ విచక్షణ మాకు కొత్తగా తోచలేదు. అరబీ మదర్సాలలో తరతరాలుగా బోధించే హనఫీ న్యాయ గ్రంథం ‘హిదాయా’లో దొంగతనం ప్రకరణం చదివినవారికి ఇది బాగా పరిచయమున్న ఆలోచనే. ఎనిమిది శతాబ్దాలకు పూర్వం అల్లామా మర్గీనానీ అక్కడ ఒంటెల బిడారును ఉదాహరణగా తీసుకున్నారు. వరుసగా నడిచే ఒంటెలలో నుంచి ఒక ఒంటెను తోలుకుపోయినా, దానిపై ఉన్న మూటను మూటగా ఎత్తుకుపోయినా దొంగతనపు నిర్ణీత శిక్ష, అంటే హద్ద్, వర్తించదన్నారు. ఆ మూటను చీల్చి లోపలి సొత్తును తీసుకుంటే మాత్రం వర్తిస్తుందన్నారు. మూట తీస్తే తేలిక, మూటలోది తీస్తే కఠినం! విద్యార్థులు ఈ చోటికి వచ్చినప్పుడు ప్రతి ఏడూ ఒకే ప్రశ్న వేస్తారు, ఇదేం న్యాయమని.

జవాబు ‘హిర్జ్’ అన్న ఒక్క మాటలో ఉంది. సొత్తును భద్రపరచిన చోటు అని దాని భావం. బిడారు నడిపేవారి ఉద్దేశం ప్రయాణమే గాని కాపలా కాదు. కనుక దారిలోని ఒంటె భద్రపరచినదిగా లెక్కకు రాదు. గోనె మూతి కుట్టి కట్టిన మనిషి మాత్రం లోపలి సరుకును ఆ గోనెలో భద్రపరిచాడు. ఆ కట్టును తెంచినవాడు కేవలం వస్తువును తీసుకోలేదు, మరొకరి రక్షణను ఛేదించాడు. నిర్ణీత శిక్షకు ఇంకా ఎన్నో షరతులున్నాయి. వస్తువు విలువ హనఫీల వద్ద పది దిర్హములు, సుమారు 30 గ్రాముల వెండి, ఉండాలి. యజమాని హక్కులో ఎటువంటి సందేహమూ ఉండరాదు. ఆకలి, నిర్బంధం వంటి కారణాలు ఉండరాదు. వీటిలో ఏది తప్పినా నిర్ణీత శిక్ష తొలగి విషయం ‘తఅజీర్’ కిందికి, అనగా న్యాయమూర్తి విచక్షణతో విధించే శిక్ష కిందికి వస్తుంది. వీధిలో నిలిపిన బండి నుంచి ఊడదీసిన భాగం ఏ కోవలోకి వస్తుందన్నది ముఫ్తీలు చర్చించదగిన అంశమే. హుడ్ తాళం పగలగొట్టడం మూట చీల్చడం వంటిదా, లేక ఆరుబయట నిలిపిన బండి దారిలోని ఒంటె వంటిదా?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉంది. షరీఅత్ శిక్షలు న్యాయస్థానమూ, సాక్ష్యాల విధానమూ గల పాలనకు చెందినవి. మనం ఈ దేశ చట్టం కింద జీవిస్తున్నాము, దొంగకు శిక్ష వేసేది ఈ దేశ న్యాయస్థానమే. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా 38వ ఆయత్‌ను వల్లించి, పట్టుబడిన పిల్లవాణ్ణి కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టేవారు షరీఅత్‌ను అమలు చేయడం లేదు, దాన్ని అపహాస్యం చేస్తున్నారు. ఆ వెంటనే వచ్చే 39వ ఆయత్ పశ్చాత్తాపపడి తన్ను తాను సరిదిద్దుకున్నవాడి గురించి చెబుతుంది. అది వారి నోటివెంట రాదు. గుంపు ఆగ్రహం ఎక్కడికి దారి తీస్తుందో మన సముదాయానికి మరొకరు చెప్పనవసరం లేదు. 2019 జూన్‌లో జార్ఖండ్‌లో మోటారు సైకిలు దొంగ అన్న అనుమానంతో ఒక ముస్లిం యువకుణ్ణి స్తంభానికి కట్టి రాత్రంతా కొట్టారు. కొన్ని రోజులకే అతడు మరణించాడు. 2023 జూలైలో అక్కడి న్యాయస్థానం పదిమందికి పదేళ్ళ జైలు విధించింది. ఆ వార్తకు కన్నీరు కార్చిన మనం, మన వీధిలో దొరికిన కుర్రాడిపై చేయి ఎత్తితే ఆ పదిమందికీ మనకూ తేడా ఏముంటుంది?

శిక్షల కాఠిన్యం ఎవరిపై పడుతుందన్నది ఇస్లామీయ చరిత్రలో మొదటి నుంచీ ఉన్న ప్రశ్న. మఖ్జూమ్ అనే పేరున్న వంశానికి చెందిన స్త్రీ దొంగతనంలో పట్టుబడినప్పుడు, ఆమెను విడిపించేందుకు హజ్రత్ ఉసామా (రజి) చేత సిఫారసు చేయించారు. దైవప్రవక్త (స) ఆగ్రహించారు. గొప్పవారిని వదిలి బలహీనులను దండించడమే పూర్వజాతుల వినాశనానికి కారణమైందని, తమ కుమార్తె అయినా మినహాయింపు ఉండదని స్పష్టం చేశారు. ఇది ఒక పార్శ్వం. మరో పార్శ్వం హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో కనిపిస్తుంది. హాతిబ్ అనే సంపన్నుడి బానిసలు ముజైనా తెగవాని ఒంటెను దొంగిలించి కోసుకుతిన్నారు. నేరం రుజువైంది. శిక్షకు ఆదేశమూ వెలువడింది. అంతలో ఖలీఫా ఆగి, ఆ పనివాళ్ళను వారి యజమాని ఆకలితో మాడుస్తున్నాడని గ్రహించారు. శిక్ష దిశ మారిపోయింది. ఒంటె ఖరీదు నాలుగు వందల దిర్హములు కాగా, ఎనిమిది వందలు చెల్లించమని హాతిబ్‌నే ఆదేశించారు. ఈ ఉదంతాన్ని ఇమామ్ మాలిక్ తమ ‘ముఅత్తా’లో నమోదు చేశారు. (రెట్టింపు వసూలును ఆయన తమ మతంగా స్వీకరించలేదు, తీసుకున్ననాటి విలువే ఇవ్వాలన్నారు. ఆ చర్చ వేరు.) హిజ్రీ 18లో కరువు వచ్చినప్పుడు దొంగతనపు నిర్ణీత శిక్షను హజ్రత్ ఉమర్ (రజి) నిలిపివేశారన్నదీ ప్రసిద్ధమే.

ఈ ఉదంతాన్ని మా ప్రాంతానికి అన్వయించకుండా ఉండలేము. 1937లో బోధన్‌లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకనాడు ఆసియాలోనే పేరెన్నికగన్నది. శక్కర్‌నగర్ అన్న పేరే దానివల్ల వచ్చింది. 2002లో దాని యాజమాన్యం ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లే ఆఫ్‌తో గేట్లు మూతపడ్డాయి. చెరుకు బండ్ల మీద, లారీల మీద, వాటి మరమ్మతుల మీద బతికిన కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. కొందరు గల్ఫ్‌కు వెళ్ళారు, కొందరు ఆటోలు కొనుక్కున్నారు. వారి పిల్లలలో చదువు మానినవాడు మెకానిక్ షెడ్డులో చేరాడు. పని దొరకడం దొంగతనానికి మందు అని మేము అనడం లేదు. కడుపు నిండినవాళ్ళు కూడా దొంగిలిస్తారు. పొరుగువాడి పిల్లవాడు పని లేక రాత్రంతా సెంటరులో కూర్చుంటున్నాడని తెలిసీ, జకాతు సొమ్మును దూరపు చందాలకు పంపేవారికి మాత్రం హాతిబ్ కథ గుర్తుచేయవలసి ఉంది.

అసలు విషయానికి ఇప్పుడు వస్తున్నాము. ఊడదీసిన బ్యాటరీని దొంగ ఏం చేసుకుంటాడు? వండుకు తినడు, ఇంట్లో అలంకరించుకోడు. తెల్లవారేలోగా కొనేవాడు ఉన్నాడన్న భరోసాతోనే ఊడదీస్తాడు. బ్యాటరీలో సీసం ఉంది, సెల్ఫ్ మోటరులో రాగి ఉంది. వ్యానుల సైలెన్సర్‌లో పొగను శుభ్రపరిచే ఒక భాగం ఉంటుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాలు పూతగా ఉంటాయి. 2021లో రోడియం ధర ఔన్సు ఇరవై ఐదు వేల డాలర్లు దాటిన రోజుల్లో, అమెరికా నుంచి మన దేశపు నగరాల వరకు సైలెన్సర్ దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. దొంగల నీతి ఆ ఏడు హఠాత్తుగా దిగజారలేదు. కొనేవాడు ఇచ్చే ధర పెరిగింది, అంతే.

అమెరికాలో చివరికి ఈ సంగతినే గ్రహించారు. 2022 నవంబరులో అక్కడి న్యాయశాఖ ఐదు రాష్ట్రాల్లో 21 మందిని పట్టుకుంది. దొంగలతోపాటు వారి నుంచి కొన్నవారు, ఆ సరుకును శుద్ధికి పంపిన వ్యాపారులు అందులో ఉన్నారు. 54 కోట్ల 50 లక్షల డాలర్లకు మించిన సొమ్మును జప్తు చేయాలని కోరింది. రాత్రిపూట కారు కింద దూరిన కుర్రాడికి చేరేది అందులో ఎంత? ఇంగ్లండు, వేల్స్‌లలో 2013 నాటి పాత లోహాల వ్యాపార చట్టం ప్రకారం కొనుగోలుకు నగదు చెల్లించడమే నిషిద్ధం, అమ్మేవాడి గుర్తింపు చూడటం తప్పనిసరి. మన దేశంలో మీరట్ నగరంలోని సోతీగంజ్ దశాబ్దాలపాటు దొంగబండ్ల విడిభాగాలకు పేరుమోసింది. 2021 డిసెంబరులో ఆ బజారును మూయించారు, కొందరి ఆస్తులు జప్తు చేశారు. దొంగసొత్తు కొన్నవారికి అది తగిన శాస్తే. కాని ఆ బజారులో నిజాయితీగా పాత సామాను అమ్ముకున్నవాడి షట్టరు కూడా అదే రోజు దిగింది. నలుగురి పాపం వీధికంతటికీ చుట్టుకుంటుందనడానికి అంతకంటే నిదర్శనం అక్కరలేదు. నిజామాబాద్‌లో గానీ, బోధన్‌లో గానీ మెకానిక్, టింకరింగ్, పాత సామాను పనుల్లో మనవాళ్ళు ఎందరున్నారో లెక్కచూసుకుంటే ఈ మాట ఎందుకు అంటున్నామో బోధపడుతుంది.

కొనేవాడి విషయంలో చట్టం మెత్తగా లేదు. దొంగసొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ తీసుకున్నవాడికి సంహిత 317వ సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు. అదే వ్యాపారంగా పెట్టుకున్నవాడికి పదేళ్ళు, లేదా యావజ్జీవం! ఈ యావజ్జీవం కొత్తది కాదు, 1860 నుంచీ ఉన్నదే. నూటఅరవై ఏళ్ళుగా పుస్తకంలో ఇంత కఠిన శిక్ష ఉన్నా కబాడీ త్రాసు ఆగలేదంటే, లోపం శిక్ష పరిమాణంలో లేదని తేలడం లేదా? బిల్లు లేదు, పేరు లేదు, నగదు చేతులు మారింది, సాయంత్రానికి బ్యాటరీ పగిలి సీసం వేరైంది. ఇక రుజువు ఎక్కడిది? మూడేళ్ళను ఏడేళ్ళు చేయడం కంటే, త్రాసు పక్కన ఒక రిజిస్టరు పెట్టించడం ఎక్కువ పని చేస్తుందని మేము నమ్ముతున్నాము. తెచ్చినవాడి పేరు, ఆధార్, బండి నంబరు, తేదీ. ఈ నాలుగు గడులు నింపడానికి ఇష్టపడని వ్యక్తి నుంచి కొనకపోవడం.

షరీఅత్ దృష్టిలో ఈ అంశం మరింత సూటిగా ఉంటుంది. దొంగసొత్తు పది చేతులు మారినా యజమాని సొత్తే. కొన్నవాడు డబ్బిచ్చాడన్న కారణంతో అది అతనిది కాదు. యజమాని తన వస్తువును గుర్తుపట్టి నిలదీస్తే అప్పగించవలసిందే, ఇచ్చిన డబ్బు కోసం అమ్మినవాణ్ణి వెతుక్కోవలసిందే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం కూడా ఇంచుమించు ఇదే సూత్రం చెబుతుంది, తనది కాని దాన్ని ఎవరూ మరొకరికి ఇవ్వలేరని. తెలిసి కొనడం పాపంలో పాలుపంచుకోవడమేనని, పాపకార్యాల్లో పరస్పరం సహకరించుకోరాదని అల్ మాయిదా సూరా 2వ ఆయత్ హెచ్చరిస్తుందని వేరే చెప్పాలా? ‘నేను అడగలేదు మౌలానా, అతను చెప్పలేదు’ అంటారు కొందరు. కొత్త బ్యాటరీ సగం ధరకు, రాత్రి పదకొండు గంటలకు, గోనెసంచిలో వచ్చినప్పుడు అడగకపోవడం కూడా ఒక విధంగా తెలియడమే.

ఇమామ్ అబూ హనీఫా (రహ్) జీవితం నుంచి ఒక సంఘటనను చరిత్రకారులు చెబుతారు. కూఫాలో ఒక గొర్రె దొంగిలించబడి ఊరి మందలో కలిసిపోయిందని విని, గొర్రె ఎన్నేళ్ళు బతుకుతుందని ఆయన విచారించారట. ఏడేళ్ళని తెలుసుకొని ఏడేళ్ళపాటు ఆ ఊరి గొర్రెమాంసం ముట్టలేదట. అంతటి దైవభీతి అందరికీ సాధ్యం కాదు, ఫత్వా కూడా అంత కోరదు. అయినా మన పట్టణాల్లో ‘చోర్ బజార్’ అన్న మాటను నవ్వుతూ పలికి, అక్కడ చౌకగా కొన్నానని విందుల్లో గొప్పగా చెప్పుకొనేవారు ఆ ఏడేళ్ళను ఒక్కసారి తలచుకోవాలి.

ఇది మగవారి సంగతి అని సోదరీమణులు ఈ పుటను తిప్పివేయరాదు. దైవప్రవక్త (స) స్త్రీల నుంచి తీసుకున్న ప్రమాణంలో, అల్ ముంతహినా సూరాలో వచ్చే ఆ ప్రమాణంలో, దొంగతనం చేయబోమన్న మాట షిర్క్‌ను వదిలివేస్తామన్న మాట వెంటనే వస్తుంది. ఆ సందర్భంలోనే హింద్ (రజి) తన భర్త లోభి అని, ఆయనకు తెలియకుండా ఇంటి ఖర్చుకు తీసుకున్నదాని సంగతి ఏమిటని నిస్సంకోచంగా అడిగారు. ఇంటి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా వచ్చింది అని అడగడం ముస్లిం గృహిణికి తొలినాటి నుంచీ ఉన్న అలవాటు. ఇమామ్ గజాలీ రాసినదాని ప్రకారం, పూర్వపు గృహిణులు పనికి బయలుదేరే భర్తను నిషిద్ధ సంపాదన తేవద్దని, ఆకలినైనా ఓర్చుకుంటామని చెప్పి సాగనంపేవారు. షెడ్డులో పనిచేసే పదహారేళ్ళ కొడుకు వారం జీతానికి మించిన ఫోను జేబులో పెట్టుకొని తిరుగుతుంటే, మొదట గమనించేది అమ్మే. పోలీసులు గమనించేసరికి ఆలస్యమవుతుంది. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగిన సామెత ఇళ్ళకూ వర్తిస్తుంది.

ఉస్తాద్‌ల బాధ్యత ఇంకా పెద్దది. షెడ్డులో చేరిన చోటూకు స్పానరు పట్టుకోవడంతోపాటు బేరమూ ఉస్తాదే నేర్పుతాడు. తాను ఏ సరుకును ముట్టడో ఆ పిల్లవాడి కళ్ళముందు ఒక్కసారి తిరస్కరించి చూపితే, అది మా పది పాఠాలకు సమానం.

శిక్షల తీవ్రతను గురించి చెప్పేటప్పుడు మన రాష్ట్రంలోని మరో అనుభవాన్ని వదిలిపెట్టలేము. 1986 నాటి ప్రమాదకర కార్యకలాపాల నిరోధక చట్టం, అందరి నోటా పీడీ యాక్ట్, విచారణ లేకుండానే మనిషిని ఏడాది వరకు నిర్బంధించడానికి వీలిస్తుంది. దొంగతనం కేసులున్నవారిపైనా దీన్ని ప్రయోగిస్తూ వచ్చారు. 2023 సెప్టెంబరులో అమీనా బేగం అనే మహిళ తన భర్త నిర్బంధంపై వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ నిర్బంధాన్ని రద్దు చేసింది. తెలంగాణలో ఈ చట్టాన్ని యథాలాపంగా వాడుతున్న తీరును గట్టిగా తప్పుపట్టింది. 2024 మార్చిలో మరో కేసులో, దొంగతనం ఆరోపణలు శాంతిభద్రతలకు సంబంధించినవే తప్ప, విచారణ లేని నిర్బంధానికి కావలసినంతగా ప్రజా జీవన వ్యవస్థను భంగపరిచేవి కావని తేల్చింది. దొంగపై జాలితో మేము దీన్ని ప్రస్తావించడం లేదు. నేరం రుజువు చేసి ఏడేళ్ళు వేస్తే అది న్యాయం. రుజువు చేసే శ్రమ తప్పించుకునేందుకు ఏడాది లోపల వేస్తే, ఆ ఏడాది నిర్దోషికీ తప్పదు. షరీఅత్ న్యాయమూర్తి సందేహం ఉన్నచోట నిర్ణీత శిక్షను తప్పిస్తాడు. నిర్దోషిని శిక్షించడం కంటే దోషిని క్షమించడంలో పొరపడటం మేలన్న సూత్రం ఫిఖ్హ్‌లో తొలినాటి నుంచీ ఉన్నదే.

దొంగ దొరికినప్పుడు బాధితుడు ఏం చేయాలన్నదానికి హజ్రత్ సఫ్వాన్ (రజి) ఉదంతం మార్గం చూపుతుంది. మస్జిదులో తలకింద పెట్టుకున్న దుప్పటిని దొంగిలించినవాణ్ణి ఆయన పట్టుకొని దైవప్రవక్త (స) సన్నిధికి తెచ్చారు. శిక్ష ఖరారయ్యాక మనసు కరిగి, ఆ దుప్పటిని అతనికే ఇచ్చేస్తానన్నారు. నా వద్దకు తీసుకురాకముందే ఆ పని ఎందుకు చేయలేదని ప్రవక్త (స) ప్రశ్నించారు. క్షమకు చోటు న్యాయస్థానం గడపకు ఇవతల ఉంది. గడప దాటాక అది సమాజం హక్కు. మన చట్టంలో సాధారణ దొంగతనం కేసులో సొత్తు యజమాని రాజీ పడే వీలు న్యాయస్థానంలో కూడా ఉంది, అందులో కొంత తేడా. మొదటిసారి కాలుజారిన పిల్లవాడు వస్తువు తిరిగిచ్చి, నష్టం కట్టి, తండ్రి పూచీ పడితే, మస్జిదు పెద్దల సమక్షంలో క్షమించడానికి బాధితుడిని ఒప్పించవచ్చు. బలవంతపెట్టరాదు. పోయిన బ్యాటరీ పెద్దలది కాదు.

ఈ విషయం గురించి జుమా ప్రసంగం చేసినచోట్ల, జనం వెళ్ళాక ఒకరిద్దరు నిలిచి తగ్గుస్వరంతో ఒకే ప్రశ్న అడుగుతారు. ఇంతకుముందు కొన్నవాటి సంగతి ఏమిటని. జవాబు ఇది: యజమాని ఎవరో తెలిస్తే వస్తువును, అది లేకపోతే దాని విలువను చేర్చాలి. పేరు చెప్పుకోవడం కష్టమైతే మధ్యవర్తి ద్వారా, లేదా కవరులో పెట్టి ఇంటి గడపలో వదిలినా చేర్చినట్లే. యజమాని మరణిస్తే వారసులకు ఇవ్వాలి. శక్తికొద్దీ విచారించినా ఎవరో తెలియకపోతే, పుణ్యం ఆ యజమానికి చెందాలన్న సంకల్పంతో అంత విలువను పేదలకు దానం చేయాలి, తనకు పుణ్యం ఆశించరాదు. తరువాత యజమాని కనిపించి ఆ దానానికి సమ్మతించకపోతే, అతని సొమ్ము అతనికి మళ్ళీ ఇవ్వాలి. ఆ సొమ్మును మస్జిదు హుండీలో వేయవచ్చా అని కూడా అడుగుతారు. వేయరాదు, పేదవాడి చేతికే ఇవ్వాలి.